పదమూడో వరుస

మా బావకి కొలిచే టేపు అంటే గిట్టదు. నీళ్ల శాఖలో ముప్ఫయ్యారేళ్లు పైపుల పని చూశాడు గానీ ఏనాడూ జేబులో టేపు పెట్టుకుని బయల్దేరలేదు. ఏ వీధిలోనైనా నేలలోంచి నీళ్లు ఉబికితే ముందు ఆయనకే కబురు వచ్చేది. వెళ్లి, మూల మీది ఇంటి గోడకి వీపు ఆనించి నిలబడేవాడు. అక్కడి నుంచి అంగలు వేసుకుంటూ నడిచి, ఒకచోట ఆగి, మడమతో నేల మీద గీత గీసి "ఇక్కడ తవ్వండి" అనేవాడు. పైపు అక్కడే ఉండేది. ఆఫీసులో మ్యాపులు లేకపోలేదు. వాటిని తెచ్చి, విప్పి, ఎటు తిప్పి చూడాలో తేల్చుకునేలోపు బావ పని ముగించుకుని టీ తాగుతూ ఉండేవాడు.

ఆయన అంగ డెబ్బై అయిదు సెంటీమీటర్లు. ఇరవై మూడో ఏట మా బడి స్కౌట్ దళానికి మాస్టరుగా చేరినప్పుడు, పొడుగు వరండాలో ముప్ఫై మీటర్లు కొలిచి రెండు చివర్లా ఎర్ర రంగుతో గీతలు వేయించాడు. ఆ గీత నుంచి ఈ గీతకి నడిస్తే సరిగ్గా నలభై అంగలు వచ్చాయి. నోటుబుక్కులో మొదటి పేజీలో రాసుకున్నాడు. అది నలభై మూడేళ్ల కిందటి మాట.

ఆయన మా అక్క మొగుడు. వాళ్ల పెళ్లప్పుడు నాకు పదేళ్లు. మార్కెట్‌కి ముగ్గురం బయల్దేరితే ఆయన అంగలేసుకుంటూ ముందు పోయేవాడు, ఆయన్ని అందుకోవాలని అక్క పరుగులు తీసేది, అక్కని అందుకోవాలని నేను పరుగులు తీసేదాన్ని. ఒకే ఇంట్లోంచి ఒకేసారి బయటపడ్డ ముగ్గురం మూడు విడతలుగా చేరేవాళ్లం. ఇప్పుడు నేను అదే బడిలో లెక్కల టీచర్ని. స్కౌట్ పనుల్లో బావకి సహాయకురాలిని. సహాయం అంటే ఆయన చెప్పేది, నేను రాసేది. నాకు కోపం ఎక్కువని ఊరంతా అంటారు. ఆయన దగ్గర పనిచేసి చూడమనండి.

ఏటా బడి సెలవుల్లో నాలుగు రోజులు, చుట్టుపక్కల బడుల స్కౌట్ పిల్లలందరికీ కలిపి పెద్ద శిబిరం పెడతాం. పన్నెండు వరుసల డేరాలు. వరుసకి ఆరు డేరాలు, డేరాకి ఎనిమిది మంది. అయిదు వందల డెబ్బయ్యారు మంది పిల్లలకి వంట, నీళ్లు, పడక, మంటపెట్టుకుని పాటలు పాడుకునే చోటు, ఒంట్లో బాగాలేకపోతే పడుకోబెట్టే గది, అన్నీ చూడాలి. మూడు నెలల ముందు నుంచి మా అక్క వాళ్లింట్లో భోజనాల బల్ల మీద ఎవరూ భోంచేయరు. బల్ల నిండా అట్ట పరిచి, దాని మీద గ్రౌండ్ గీసి, ఒక్కో డేరాకి ఒక్కో అగ్గిపెట్టె పెడతాడు బావ. "ఇంట్లో డెబ్బై రెండు అగ్గిపెట్టెలున్నాయి, పొయ్యి ముట్టిద్దామంటే ఒక్క పుల్ల లేదు" అని అక్క ఏటా అనే మాట. పుల్లలన్నీ తీసి ఆయన ఎక్కడ దాస్తాడో ఇప్పటికీ మాకు తెలియదు.

పిల్లలు ఆయన్ని అంగల తాత అంటారు. దానికి కారణం ఉంది. శిబిరం మొదలయ్యే రోజు పొద్దున్నే పిల్లలందర్నీ బడి వరండాలోకి తెచ్చి ఎర్ర గీతల మధ్య నడిపిస్తాడు. ఎవరికి ఎన్ని అంగలు వచ్చాయో లెక్కపెట్టి, భాగించి, ఎవరి అంగ ఎంతో వాళ్ల పుస్తకంలో రాయిస్తాడు. ఆ తర్వాత వాళ్లకి టేపుతో పనిలేదు. చెరువు గట్టు పొడవైనా, గోడ నీడైనా కాళ్లతో కొలిచి చెప్పగలరు. నిరుడు వచ్చిన పిల్లలు "మాది నిరుడే కొలిచారు తాతా" అంటే ఊరుకోడు. "మీరు పెరిగారు. అంగ మారుతుంది. పాత అంగతో కొలిచి చెప్పడం అబద్ధం చెప్పడంతో సమానం. మళ్లీ నడవండి" అంటాడు. ఇరవై ఏళ్లుగా ఈ మాట వింటున్నాను. వింటున్నదాన్ని ఎప్పుడైనా బుర్ర పెట్టి విన్నానా అంటే లేదు.

ఈ ఏడు ఆయన గ్రౌండ్ కొలిచి వచ్చిన రోజు మొహం వెలిగిపోతోంది.

"మరదలా, గ్రౌండ్ పెరిగింది" అన్నాడు చెప్పులు విప్పుతూనే.

"గ్రౌండ్ ఎలా పెరుగుతుంది బావా? ఎరువేశారా?"

"వెటకారం తర్వాత. మొన్న వానలకి వెనక గోడ పడిపోయింది కదా. కొత్తగా కట్టేటప్పుడు వెనక్కి జరిపి కట్టినట్టున్నారు. ఎప్పుడూ రెండొందల అంగలు. ఇవాళ రెండొందల ముప్ఫై నాలుగు."

ముప్ఫై నాలుగు అంగలంటే పదమూడో వరుసకి చోటు వచ్చినట్టే, ఇంకా మిగులుతుంది కూడా. బావ చేసిన మొదటి పని ఫోను తీయడం. ఊరి చివర ఒక చిన్న బడి ఉంది. రెండు గదులు, ఇద్దరు టీచర్లు. అక్కడి టీచరమ్మ మూడేళ్లుగా అడుగుతోంది, మా నలభై ఎనిమిది మంది పిల్లల్ని కూడా శిబిరానికి రానివ్వండి అని. మూడేళ్లూ చోటు లేదని జవాబు రాశాం. రాసింది నేనే. మూడు ఉత్తరాలూ నా చేతిరాతే.

"అమ్మా, ఈసారి మీ పిల్లలు వస్తున్నారు" అన్నాడు బావ ఫోన్లో. అవతల ఆవిడ ఏమందో నాకు వినిపించలేదు. ఆయన మాత్రం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ సాయంత్రం అట్ట మీద ఆరు కొత్త అగ్గిపెట్టెలు వెలిశాయి. అక్క పొరుగింటికి నిప్పు కోసం వెళ్లింది.

లెక్కల టీచర్ని నేను. నూట యాభై మీటర్ల గ్రౌండ్ ఒక్క గోడతో పాతిక మీటర్లు ఎలా పెరిగిందని నాకు అనుమానం రావాలి. రాలేదు. బావ కాళ్లు కొలిచిన దాన్ని అనుమానించడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు.

శిబిరానికి పన్నెండు రోజుల ముందు డేరాల మేస్త్రీ వచ్చాడు, సున్నంతో గుర్తులు వేయడానికి. కొత్త మేస్త్రీ. పాతతను అయితే బావ అంగలు వేస్తుంటే వెనకాలే సున్నం పోసుకుంటూ వచ్చేవాడు. ఇతను టేపు తెచ్చాడు. బావ ఆ రోజు అనుమతుల పని మీద వెళ్లాడు కాబట్టి, నేనే అట్ట పట్టుకుని గ్రౌండ్‌లో నిలబడ్డాను. అంగల్ని మీటర్లలోకి మార్చి చెబుతుంటే అతను గుర్తులు వేస్తూ వెళ్లాడు. పన్నెండో వరుస దాకా వెళ్లి ఆగాడు.

"అమ్మా, పదమూడో వరుస గోడ అవతల పడుతోందండీ."

"టేపు సరిగ్గా పట్టుకున్నావా?"

"పట్టుకున్నానండీ."

"మళ్లీ పట్టుకో."

మూడుసార్లు కొలిపించాను. మూడోసారి ఒక కొస నేనే పట్టుకున్నాను. నూట యాభై మీటర్లు. ఎప్పుడూ ఉన్నంతే. గోడ దగ్గరికి వెళ్లి వంగి చూశాను. కొత్త ఇటుకల కింద పాత పునాది రాళ్లు కనిపిస్తున్నాయి. గోడ పాత చోటునే లేచింది. నేను ఎండలో నిలబడి నోటితోనే భాగారం చేశాను. నూట యాభైని రెండొందల ముప్ఫై నాలుగుతో భాగిస్తే అంగకి అరవై నాలుగు సెంటీమీటర్లు. జరిగింది గోడ కాదు, మా బావ వయసు.

ఇంటికి వెళ్లేసరికి అక్క బల్ల చివర మిగిలిన జానెడు చోటులో కూరగాయలు తరుగుతోంది.

"అక్కా, బావ కాలు నొప్పి అంటున్నాడా?"

"ఆయన నొప్పంటే చెబుతాడా? ఏం?"

"ఏం లేదు. నడక ఏమైనా తేడాగా ఉందా అని."

అక్క కత్తి ఆపింది. "ఏడాదిగా కూరగాయలకి వెళ్తే పక్కనే నడుస్తున్నారు. పెళ్లయిన నలభై ఏళ్లకి నా మీద దయ కలిగిందనుకున్నాను. నేనూ అడగలేదు, అడిగితే మానేస్తారేమోనని."

నాకు ఏడుపొచ్చింది. ఉల్లిపాయల వంక పెట్టి కళ్లు తుడుచుకున్నాను. అక్క తరుగుతున్నది బీరకాయ.

నా ముందు రెండు దారులున్నాయి. ఒకటి, చిన్న బడి టీచరమ్మకి నాలుగో ఉత్తరం రాసేసి, బావతో "వాళ్లకే కుదరలేదట" అని చెప్పడం. కాగితం తీశాను కూడా. 'చింతిస్తున్నాం' అన్న మాట దాకా వచ్చాను. నలభై ఎనిమిది మంది పిల్లలు బడి కిటికీ ఊచలకి తాళ్లు కట్టి ముడులు నేర్చుకుంటున్నారని ఆ టీచరమ్మ అంతకు ముందు రోజే ఫోన్లో చెప్పింది. కాగితం చింపేశాను. రెండో దారి బావకి చెప్పడం. మర్నాడు సాయంత్రం బడి వదిలాక వరండాలోకి రమ్మన్నాను.

విషయం విని బావ నవ్వాడు. "మేస్త్రీ టేపు సాగిపోయి ఉంటుంది. సాగిన టేపు తక్కువ చూపిస్తుంది" అన్నాడు.

ఆ మాట లెక్క ప్రకారం తప్పు కాదు. అందుకే నాకు ఇంకా ఒళ్లు మండింది.

"అయితే ఆ ఎర్ర గీత దగ్గర నిలబడు బావా. ఇక్కడి నుంచి అక్కడికి నడు."

"నా అంగ నీకు తెలియదా?"

"అందరి అంగా ఏడాదికోసారి కొలవాలని నువ్వే చెబుతావుగా."

"అది పెరిగే పిల్లలకి."

"మారే వాళ్లందరికీ" అన్నాను.

ఆయన నా వంక చూశాడు. తర్వాత గీత మీద మడమ ఆనించి నడక మొదలుపెట్టాడు. నేను పైకే లెక్కపెట్టాను. ముప్ఫయ్యారు, ముప్ఫయ్యేడు అనేసరికి గీత ఇంకా ఆరేడు మీటర్ల అవతల ఉంది. నలభై దగ్గర ఆయన ఒక్క క్షణం ఆగాడు, అలవాటుగా. కింద గీత లేదు. మళ్లీ కదిలాడు. నలభై ఏడో అంగకి గీత వచ్చింది. నేను లెక్క ఆపేశాను.

బావ గోడకి ఆనుకుని కాసేపు ఆ గీతనే చూశాడు. తన గురించి ఒక్క మాట అనలేదు. "నలభై ఎనిమిది మంది. నేనే రమ్మన్నాను" అన్నాడంతే.

ఆ రాత్రి అట్ట మీంచి పదమూడో వరుస అగ్గిపెట్టెలు ఆరూ తీశాడని అక్క చెప్పింది. పారేయలేదు, చొక్కా జేబులో వేసుకున్నాడు. తర్వాతి రెండు రోజులూ జేబు ఉబ్బెత్తుగానే ఉంది. నేను సలహాలిచ్చాను. డేరాకి తొమ్మిది మందిని పడుకోబెడదామన్నాను. ఊపిరాడదన్నాడు. వరుసల మధ్య దారి తగ్గిద్దామన్నాను. "నిప్పంటుకుంటే పిల్లలు డేరా తాళ్లకి తట్టుకుని పడతారు. ఆ దారి కొలత పెట్టింది నేను, దాన్ని నేనే తగ్గించను" అన్నాడు. పట్టిన పట్టు విడిచే మనిషి కాదు, ఆ విషయంలో ఆయన అంగ ఏమీ తగ్గలేదు.

మూడో రోజు పొద్దున్న పళ్లు తోముకుంటూనే ఫోన్ చేశాడు. "మరదలా, పంపు గది."

గ్రౌండ్ పక్కనే నీళ్ల శాఖ వాళ్ల పంపు గది ఉంది. దాని వెనక పెద్ద ఖాళీ జాగా, దానికీ గ్రౌండ్‌కీ మధ్య చిన్న గేటు. ఆరు డేరాలు హాయిగా పడతాయి. ఇన్నేళ్లూ దాని జోలికి ఎవరూ వెళ్లకపోవడానికి ఒకటే కారణం. సగం ఊరికి నీళ్లిచ్చే పెద్ద పైపు ఆ నేల కిందే వెళ్తుంది. పాతకాలపుది, రెండు జానల లోతే. డేరా మేకు మూరెడు పొడుగు ఉంటుంది. మేకు పైపులో దిగితే పిల్లల శిబిరం సంగతి అటుంచి, సగం ఊరు బిందెలతో మా మీదికి వస్తుంది.

నీళ్ల శాఖ ఇంజనీరమ్మ చిన్నపిల్ల, మా బడిలోనే చదువుకుంది. ఆఫీసుకి వెళ్లిన మమ్మల్ని చూసి లేచి నిలబడింది. "ఆ పైపు మ్యాపులో ఒకచోట ఉంటుంది, నేల కింద ఇంకోచోట ఉంటుంది సార్. అందుకే అక్కడ ఎవర్నీ గునపం వేయనివ్వట్లేదు. మీకు తెలిస్తే చూపించండి. మీరు చూపించిన చోట తవ్వి చూస్తాం. పైపు దొరికితే దానికి మూడు మీటర్లు వదిలి డేరాలు వేసుకోండి" అంది.

మర్నాడు పంపు గది వెనక డేరాల మేస్త్రీతో సహా అందరం చేరాం. ఇంజనీరమ్మ వచ్చింది, ఆఫీసు వాళ్లు నలుగురైదుగురు వచ్చారు, బావతో పాతికేళ్లు పనిచేసిన గునపం మేస్త్రీ వచ్చాడు. బావ అంగల గురించి కథలు కథలుగా విన్న కుర్ర ఉద్యోగులు ఊరికే చూడ్డానికి వచ్చారు. గునపం మేస్త్రీ వాళ్లకి ముందే చెప్పి పెట్టినట్టున్నాడు.

"అన్న నిలబడ్డ చోట పోటేస్తాను. మ్యాపు తీసి లోపల పెట్టుకోండమ్మా" అన్నాడు గర్వంగా.

బావ పంపు గది గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు. ఎన్ని వందల సార్లు అలా నిలబడి ఉంటాడో. పైపు ఆ గోడకి నలభై రెండు అంగల దూరంలో, గోడకి సమాంతరంగా వెళ్తుందని ఆయనకి నిద్రలో లేపి అడిగినా తెలుసు. అందరూ ఆయన కాళ్ల వంకే చూస్తున్నారు. నా సంచిలో టేపు ఉంది, తెచ్చినట్టు ఆయనకి చెప్పలేదు. ఆయన నడిచేస్తాడేమోనని నాకు భయం వేసింది. నడిస్తే ఆపే ధైర్యం నాకు ఉందో లేదో తెలియదు. అంతమంది ముందు ఆయన్ని తక్కువ చేయడం నా వల్ల కాదేమో. చేయకపోతే పైపు దొరకదు, పిల్లలకి చోటూ దక్కదు.

బావ ఒక కాలు ముందుకి వేశాడు. వేసి, వెనక్కి తీసుకున్నాడు.

"నలభై రెండు అంగలన్నది నిజం" అన్నాడు అందరికీ వినపడేలా. "కానీ అది అప్పటి అంగ. నా అంగ తగ్గింది. ఇప్పుడు నేను నడిస్తే పైపు తప్పిపోతుంది. మరదలా, నీ సంచిలో టేపు ఉంటుందిగా, తియ్యి. ముప్ఫై ఒకటిన్నర మీటర్లు."

కుర్ర ఉద్యోగులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గునపం మేస్త్రీ గునపాన్ని మెల్లగా నేల మీద పెట్టి, నా దగ్గరికి వచ్చి టేపు కొస అందుకున్నాడు.

"నా మోకాళ్లూ అంతే అన్నా. ఎవరికీ చెప్పలేదు" అన్నాడు.

ముప్ఫై ఒకటిన్నర దగ్గర తవ్వారు. రెండు జానలు తవ్వగానే మట్టిలో పైపు నల్లటి వీపు కనిపించింది. ఇంకో చివర కూడా అదే దూరంలో తవ్వారు. అక్కడా ఉంది. నేను ఊరుకోలేక లెక్కేశాను. బావ ఇప్పటి కాళ్లతో నలభై రెండు నడిచి ఉంటే నాలుగున్నర మీటర్లు ఇవతలే ఆగేవాడు. అక్కడ తవ్వితే పైపు దొరికేది కాదు, ఇంజనీరమ్మ మమ్మల్ని మర్యాదగా ఇంటికి పంపేసేది. ఆమె అక్కడికక్కడే అనుమతి రాసిచ్చింది. బావ జేబులోంచి ఆరు అగ్గిపెట్టెలు తీసి పంపు గది గట్టు మీద వరసగా పెట్టి, డేరాల మేస్త్రీకి మేకులు ఎటువైపు దిగాలో చూపించాడు. ఆయన మొహంలో పాత హుషారు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

శిబిరం మొదటి రోజు పొద్దున్న చిన్న బడి పిల్లలు అందరికంటే ముందే వచ్చేశారు, నలభై ఎనిమిది మందీ. వాళ్ల టీచరమ్మ మూడేళ్ల ఉత్తరాల సంగతి ఎత్తలేదు. నాకే ఆవిడ మొహం చూడ్డానికి మొహం చెల్లలేదు. వాళ్లని వరండాలో నిలబెట్టి, ఒక్కొక్కర్నీ ఎర్ర గీతల మధ్య నడిపించి, నేను భాగారాలు చేస్తూ పుస్తకంలో రాశాను. నలభై ఎనిమిదో పేరు రాసి తలెత్తేసరికి వరస చివర ఇంకొకరు నిలబడి ఉన్నారు. బావ.

"రాయి" అన్నాడు, నడిచి వచ్చాక.

"నలభై ఏడు అంగలు. అరవై నాలుగు సెంటీమీటర్లు" అని చదువుతూ నలభై తొమ్మిదో వరుసలో రాశాను. పిల్లలు వింతగా చూశారు. "వచ్చే ఏడు మళ్లీ కొలవాలి" అన్నాడు వాళ్లతో, తను కూడా వాళ్లలో ఒకడైనట్టు.

సరిగ్గా అప్పుడే అక్క వచ్చింది, ఆయన ఇంట్లో మరిచిపోయిన కళ్లద్దాలు పట్టుకుని.

"నువ్వూ నడు" అన్నాడు బావ.

"నాకెందుకండీ? నేనేమన్నా స్కౌటునా?"

"నడు, చెబుతాను."

అక్క గొణుక్కుంటూనే చెప్పులు విడిచి నడిచింది. నలభై ఏడున్నర. భాగిస్తే అరవై మూడు. బావ నా భుజం మీంచి వంగి పుస్తకంలో ఆ రెండు అంకెలూ చూశాడు. చాలాసేపు చూశాడు.

"అయితే ఇన్నేళ్లూ నీకంటే అంత ముందు పోయేవాడినన్నమాట. ఒక్కసారైనా చెప్పలేదేం?" అన్నాడు అక్కతో.

"చెబుదామంటే దగ్గర ఉంటేగా" అంది అక్క.

బావ కళ్లద్దాలు అందుకుని పెట్టుకున్నాడు. పిల్లలు సంచులు భుజాన వేసుకుని పంపు గది వైపు బయల్దేరారు. వాళ్ల వెనకే అక్కా బావా పక్కపక్కన నడుస్తూ పదమూడో వరుస చూడ్డానికి వెళ్లారు. నేను పుస్తకం మూసేసి వరండాలోనే నిలబడి చూశాను. అంగలు లెక్కపెట్టలేదు.